అడుగు దూలం

నవ్వేడు బావా! మొకం మీదే నవ్వేడు. పదిమంది సూస్తుండగా, పిల్లనిచ్చిన మావనని కూడా సూడకుండా, పళ్ళు బయటెట్టి నవ్వేడు. "ఇది కూడానా మావా?" అన్నాడు.  

అలగ సూస్తావేటి ఎవులో తెలీనట్టు? నేను, ఎల్లాజీని. నీ పెళ్ళాం తమ్ముణ్ణి. పదిహేనేళ్ళు నీ పడవలో నీతో కూడు తిన్నోణ్ణి. ఎలుగులోంచి వచ్చేను కదా, నా మొకం కనపడలేదు గావాల. ఉండు, తలుపు కాస్త దగ్గరికేస్తాను. నీలవేణక్క పెరట్లో సేపలు ఎండేస్తన్నాది. ఆవిడ ఇప్పుడే ఇనకూడదు.

నీళ్ళు తాగుతావా? అవునంటే ఒకసారి కళ్ళు ముయ్యి, కాదంటే రెండుసార్లు. అక్కతో అలగే కదా మాటాడతావు. ఒద్దా? సరే.

నీకు పక్షవాతం వచ్చి మాట పడిపోయి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళూ వారానికోపాలి వస్తన్నాను, నీ మంచం కాడ కూకుని భావనపాడు కబుర్లన్నీ సెప్పి పోతన్నాను. ఇయ్యాల కబుర్లకి రాలేదు బావా. ఇయ్యాల నీతో పనుంది. మాట పోయినోడితో పనేటి అంటావా? ఉన్నాది. నాకో సాచ్చికం కావాల.

నీ పడవ గురించే. నీదేటిలే, మొన్నటి దాకా నీది. మీ కొడుకు వినోద్ నెల్లిమర్ల జూట్‌మిల్లులో సేరిపోయేడు, ఇంక సంద్రం మొకం సూడనని మా అల్లుడు గోవింద్‌కి అమ్మేసేడు. ఆణ్ణి నేను తప్పు పట్టను. ఆడి బతుకు ఆడిది. కానీ ఇయ్యాల మూడు గంటలకి, పోటు మీద, గోవింద్ దాన్ని నీళ్ళలోకి తోస్తాడు. ఇద్దరు మనుసుల్ని ఎక్కించుకుని, తెరసాప ఎత్తుకుని, ఐదు రోజుల ఏటకి. ఒడ్డు కనపడని లోతుకి.

అది ఎళ్ళకూడదు బావా. ఎళ్తే తిరిగి రాదు.

ఆగు, ఆగు. అంత గుడ్లు పెద్దవి సేసుకోకు. మొదట్నించీ సెప్తాను. సెప్పకపోతే నీకు తెలీదు, తెలిసినాక నువ్వు నా మొకం సూస్తావో సూడవో నాకు తెలీదు.

గోవింద్ సంగతి తెలుసు కదా. ఎనిమిదేళ్ళు ఎక్కడో గుజరాత్ వెరావల్లో ఆళ్ళ పెద్ద పెద్ద బోట్ల మీద పని సేసేడు. ఒకపాలి ఇంజను సచ్చిపోయింది. నడిసంద్రంలో ఆరు రోజులు అలగే కొట్టుకుపోయేరంట. పక్కదేశం బోట్లొచ్చి ఎత్తుకుపోతాయేమోనని బిక్కుబిక్కుమంటా కూకున్నారంట. ఆ బోటు మీద తెరసాపంటూ ఒక గుడ్డముక్క ఉంటే ఇంటికొచ్చేసేవోళ్ళం మావా, అంటాడు. ఇంజను సస్తాది గానీ గాలి సావదు కదా, అంటాడు. 

అందుకని ఆడికి పాత పడవే కావాలంట. సిన్నదే కావాలంట. ఈ కొత్త ఫైబరు బోట్లు ఆడి కంటికి ఆనవు. ఖాళీ బిందెల్లాగ తేలతాయి అంటాడు. కర్ర పడవ కావాల, బరువుండాల, పెద్ద అలొస్తే కంగారు పడకుండా నిలబడాల, తెరసాప కట్టే కొయ్య నిండా గుడ్డ ఎత్తినా మొయ్యాల. ఇంజను పక్కనుండాల గానీ దాన్నే నమ్ముకోకూడదు. నాలుగైదు రోజులు లోతులో ఉండి టూనా పట్టుకుని గాలి మీద ఇంటికి రావాల. అదీ ఆడి లెక్క. తప్పుడు లెక్కేటి కాదు బావా. మన కాలంలో మనవూ అలగే కదా ఎళ్ళేం.

పాత పడవ కొనాలంటే ఎవుల్ని పిలుస్తారు ఈ సుట్టుపక్కల? నన్నే. కళింగపట్నం నించి ఇటు ఒరిస్సా దాకా ఎల్లాజీ సూసేడంటే ఇంకొకడు సూడక్కర్నేదు. సింతకర్ర పట్టుకుని ముక్కు కాణ్ణించి ఎనక దాకా పలక పలకా కొట్టుకుంటా, సెవి ఆనించి ఇంటాను. అనుమానం ఉన్న సోట మేకు గుచ్చుతాను. ఒడ్డు మీదే పడవ నిండా నీళ్ళు పోయించి, బయట ఎక్కడ సెమ్మ పుడతాదో సూస్తాను. బాగుంటే పసుపు కలిపి ముక్కు మీద నా సెయ్యి ముద్రేస్తాను. బాగోకపోతే ఎక్కడ బాగోలేదో ఏలు పెట్టి సూపిస్తాను. ఏలు పెట్టి సూపించకుండా బాగోలేదని నోటితో అనకూడదు. అమ్మేవోడి పడవ మీద ఊరికే మచ్చ పడిపోతాది కదా. అది మనోళ్ళ కట్టుబాటు. నువ్వే నేర్పేవు నాకు.

నాలుగు నెల్ల కిందట మొదలెట్టేం. మొదటిది కళింగపట్నంలో సూసేం. అది నిజంగానే పాడు పడవ. మేకు గుచ్చితే ఉడికిన సిలకడదుంపలోకి దిగినట్టు దిగిపోయింది. ఏలు పెట్టి సూపించేను, వచ్చేసేం. 

రెండోది బారువలో. ఓలబ్బో, ఏం పడవ బావా అది! కర్రతో కొడితే ఖంగుమన్నాది. ఒక్క పలకా కదల్లేదు. ఒక్క అతుకూ ఇడలేదు. ఎక్కి కూకుంటే దిగబుద్ధి కాలేదు. గోవింద్ నా ఎనకే నిలబడ్డాడు, ఊపిరి కూడా తియ్యకుండా. నేనేటి సేసేనో తెలుసా? ముక్కు కాడ సెక్కలో సిన్న ముడుంటే దానిమీద ఏలు పెట్టేను. "ఇక్కడ పగులొస్తాది, దీని బుర్ర కూడా బరువు, అల ఎక్కదు" అన్నాను.

అబద్ధం.

మూడోది డొంకూరులో. అదీ అంతే. బంగారం లాంటి పడవ. కొయ్య నిలబెట్టే కన్నం కాస్త అరిగింది. కొత్త సెక్క కొడితే పూటలో అయిపోయే పని. దానిమీద ఏలు పెట్టి, "గాలేసిందంటే కొయ్య ఊడిపోతాది" అన్నాను. ఆ పడవ యజమాని ముసిలోడు, సగం తెలుగు సగం ఒడియా, నన్ను ఎగాదిగా సూసి ఇసుకలో ఉమ్మేసి ఎళ్ళిపోయేడు. ఆడికి తెలిసిపోయింది.

ఎందుకంటావా? కూతురు కోసం. మా ఉష కోసం. ఎనిమిదేళ్ళు బావా, ఎనిమిదేళ్ళు ఆ గుంట ఫోను పట్టుకుని గుమ్మంలో కూకున్నాది. మొగుడు ఇంటికొచ్చి ఏడాదయింది, ఇప్పుడిప్పుడే దాని మొకంలోకి నెత్తురొచ్చింది. మళ్ళీ ఐదేసి రోజులు లోతుకి పోతానంటే నా కడుపు కాలదా? ఒడ్డు పక్కన సిన్న వలేసుకుని బతకలేడా? ఊళ్ళో ఎంతమంది బతకట్లేదు? ఒద్దని మొకాన సెప్పలేను. ఆడు మొండోడు, ఇనడు. అందుకని పడవలకి వంకలు పెట్టేను. ఇసుగెత్తి మానేస్తాడనుకున్నాను.

మానేడా? మానలేదు. తిన్నగా మీ ఇంటికొచ్చేడు.

"మావా, మన కళ్ళ ముందున్న పడవ ఒగ్గేసి ఊళ్ళన్నీ తిరిగేం. కూర్మయ్య మావ పడవకేటి తక్కువ? ఇరవై ఆరేళ్ళ పడవ, ఒక్క ఆపద నేదు, ఫైలిన్ తుపానుకీ పోలేదు, హుద్‌హుద్‌కీ పోలేదు. అలాంటి పడవ ఈ తీరంలో నేదని నువ్వే కదా తిరనాళ్ళలో సెప్పినట్టు ఊరందరికీ సెప్తావు?" అన్నాడు. 

సెప్పేను. నిజవే. నేనే సెప్పేను.

ఆ రోజు ఉష నన్ను పక్కకి పిలిసింది. "నాన్నా, నీ కాళ్ళట్టుకుంటాను, ఈసారైనా అవునను. నేనే నీ సేత వంకలెట్టిస్తన్నానని ఆయన నాతో మాటాడ్డం మానేసేడు" అన్నాది. సూడు, ఎవుల కోసం సేసేనో ఆళ్ళకే తగిలింది. 

ఎనిమిది రోజుల కిందట నీ పడవ సూసేం. నువ్వు ఈ మంచం మీదే ఉన్నావు. కర్రతో కొట్టేను. నీళ్ళు పోయించేను. అరవై బిందెలు పోసేరు బావా. నేను అడుగున బోర్లా తొంగుని సూస్తన్నాను, కారు తల్లీ, ఒక్క సుక్క కారు, ఒక్క సుక్క కారితే సాలు, ఏలు పెట్టి సూపించేస్తాను అని మొక్కుకుంటన్నాను. కారలేదు. ఎలగ కారతాది? వినోద్ ఐదేళ్ళ కిందట అడుగంతా ఫైబరు పూత ఏయించేడు కదా. అద్దంలాగ ఉన్నాది. లోపలేటున్నాదో ఆ దేవుడికీ కనపడదు. 

నాకు తెలుసు, లోపలేటున్నాదో.

అందరూ నా సెయ్యేపు సూస్తన్నారు. ఉష పసుపు గిన్నె పట్టుకుని నిలబడ్డాది. ఏలు పెట్టాలంటే ఎక్కడ పెట్టను? పెడితే, "నీకెలగ తెలుసు?" అంటారు. ఎలగ తెలుసో సెప్పాల.  సెయ్యి గిన్నెలో ముంచేను. ముక్కు మీద ముద్రేసేను. ఉష ఏడిసింది సంతోసంతో. ఆడు వంగి నా కాళ్ళకి దండం పెట్టేడు.

ఈ ఎనిమిది రోజులూ కూడు దిగలేదు నాకు. ఈ పొద్దున ఇంక పట్టలేక రేవులోకి ఎళ్ళి, గోవింద్ సెయ్యట్టుకుని, "ఒరే, ఒద్దురా, దీని ఎన్నెముక, ఈ అడుగు దూలం ఇరిగుంది, ఇరగ్గొట్టింది నేనే" అని సెప్పేసేను. 

అప్పుడే నవ్వేడు.

"ఎనిమిది రోజుల కిందట పసుపు సెయ్యేసి, ఇయ్యాల ఇరిగిందంటావా? పోనీ ఎక్కడిరిగిందో సూపించు" అన్నాడు. వంగి సూపించబోయేను. ఏటి సూపించను, నున్నటి పూత మీద? "కోసి సూడరా" అన్నాను. "కొబ్బరికాయ కొట్టడానికి సిద్ధం సేసిన పడవని కోస్తారా ఎవులైనా? నేను సంద్రంలోకి ఎళ్ళకుండా నువ్వు ఎంతకైనా దిగుతావు మావా" అన్నాడు. పక్కనున్నోళ్ళూ నవ్వేరు. కోపంగా కాదు బావా, పోనీలే ముసిలోడు, కూతురు మీద పేమ, అన్నట్టు నవ్వేరు. అది ఇంకా సెడ్డగా ఉన్నాది. ఉష ఆ మూల నిలబడి తలొంచుకుని, "ఇంటికెళ్ళు నాన్నా" అన్నాది. 

అందుకే నీ కాడికి వచ్చేను. నా మాట సెల్లదు. నీ మాట సెల్లుతాది. పడవ నీది. కానీ నీకూ తెలీదు కదా అసలు సంగతి. నీకెప్పుడూ సెప్పనే నేదు కదా. ముందు నీకు సెప్పాల. ఆనక ఆడి ముందు, "అవును, ఆ ఏడాది ఎల్లాజీ సేతికి పడవ ఒగ్గేసి నేను ఊరెళ్ళేను" అని ఆ ఒక్కటీ నువ్వు కళ్ళు మూసి ఒప్పుకున్నా సాలు, ఆడు నమ్ముతాడు.

గేపకం ఉన్నాదా? పంతొమ్మిదేళ్ళయింది. నువ్వూ అక్కా పైడితల్లమ్మ సిరిమానుకి విజయనగరం ఎళ్ళేరు. వారం ఉన్నారు. ఎళ్తా ఎళ్తా, "పడవ జాగర్త రా, నేనొచ్చేదాకా తియ్యకు" అన్నావు.

తీసేను బావా. తాగేను కూడా. ఆ రాముడు లేడూ, సచ్చిపోయిన రాముడు, ఆడితో పందెం ఏసేను, ఎవులు ముందు రేవులోకొస్తారో అని. నిండా తెరసాప ఎత్తేసేను. గాలి మంచిగా ఉన్నాది, పడవ ఎగిరిపోతన్నాది. నేను కేకలేస్తన్నాను ఎర్రోళ్ళాగ. ఆటు మీదున్నాం, దక్షిణం పక్క రాళ్ళు పైకి తేలి ఉంటాయని బుర్రకి తట్టలేదు. రాముడు తన పడవ తిప్పేసేడు. నేను తిప్పలేదు.

ఆ సప్పుడు ఇప్పటికీ ఇనపడతాది నాకు. పెద్ద సప్పుడేటి కాదు. ఎముక ఇరిగినట్టు. 

తెరసాప కొయ్య అడుగున ఆనుతాది సూడు, సరిగ్గా ఆ కిందనే దూలం అడ్డంగా పగిలింది. ఇంత, నా జానెడు. నీళ్ళు తోడుకుంటా తోడుకుంటా ఒడ్డెక్కించేను. రాముడి సేత ఒట్టేయించుకున్నాను ఎవులికీ సెప్పొద్దని. పక్కూరు వడ్రంగి సూరయ్యని పిలిసేను. ఆడు రెండు రోజులు కూకుని పగులుకి అటూ ఇటూ ఇనప పట్టీలేసి, నాలుగు బోల్టులు బిగించి, దూదీ గుగ్గిలం కూరి, తారు పూసేసేడు. కనపడకుండా సేసేడు. 

ఎళ్తా ఎళ్తా ఏటన్నాడో తెలుసా? "ఇది ఒడ్డు పక్క పనికి ఆగుతాది గానీ, నిండు తెరసాప మోస్తే కొయ్య కిందకి తన్నుతాది, ఆ దెబ్బకి పగులు నోరు తెరుస్తాది. కూర్మయ్యకి సెప్పు" అన్నాడు. సెప్తానన్నాను. సూరయ్య పోయి పదేళ్ళయింది. సెప్పలేదు.

సెప్దామనే కూకున్నాను బావా, నిజం. మీ బస్సొచ్చేదాకా రోడ్డు మీదే కూకున్నాను. నువ్వు దిగేవు, సంచిలోంచి కొత్త సొక్కా తీసి నా బుజం మీదేసేవు. "విజయనగరంలో సూసేను, నీకు బాగుంటాదనిపించింది" అన్నావు. నీలం రంగు గళ్ళ సొక్కా. ఆ సొక్కా ఏసుకుని ఎలగ సెప్పను? రేపు సెప్దాం అనుకున్నాను. రేపు రేపు అంటా పంతొమ్మిదేళ్ళు.

ఇప్పుడా ఇనుం పంతొమ్మిదేళ్ళు ఉప్పునీళ్ళలో నానింది. ఏటి మిగిలుంటాది? తుప్పు. పైన ఫైబరు పూత, దానిమీద నా పసుపు సెయ్యి. ఆ కొయ్య మీద గోవింద్ కొత్త తెరసాప కట్టేడు, ఎంత పెద్దదో సూసేవా? ఎక్కణ్ణించి సూస్తావులే.

అదీ సంగతి. తిట్టు. తిట్టలేవు, పోనీ మొకం తిప్పుకో. 

ఏటి బావా?

ఏటలగ సూస్తావు? కోపం నేదేటి నీ కళ్ళలో? నేను సెప్పింది ఇన్నావా అసలు? నీ పడవ ఇరగ్గొట్టేనంటన్నాను!

... నీకు తెలుసా?

ఉండు. సరిగ్గా సెప్పు. అవునంటే ఒకసారి.

ఒకసారి.

ఓర్నాయనో! ఎవులు సెప్పేరు? సూరయ్యా? రెండుసార్లు. కాదా. రాముడా? కాదా. మరి నీ అంతట నువ్వే సూసేవా? ... అవును. అవునులే. నీ పడవ కింద ఇనుం ఉంటే నీకు తెలీకపోవడం ఏటి? మనిసి బరువు మారితే తెలీదా ఎత్తుకునేవోడికి. ఎప్పుడు తెలిసింది? ఆ ఏడాదేనా? ... అవును.

ఆగు బావా. 

ఆ ఏడాదే కదా నువ్వు ఇంజను పెట్టించేవు. ఊళ్ళో మొట్టమొదట నువ్వే. తెరసాప మడిసి అటకెక్కించేసేవు. ఆ తర్వాత పడవని ఒడ్డు కనపడనంత దూరం ఎప్పుడూ తీసుకెళ్ళలేదు. లోతుకెళ్దాం రా కూర్మయ్యా అని ఎంతమంది పిలిసినా, నాకు ఒడ్డు సాలు అనేవోడివి. "ఒడ్డు కూర్మయ్య" అని పేరెట్టేరు నీకు. ఊరంతా నవ్వేది. సంద్రం అంటే బయ్యం పట్టుకుందిరా ముసిలోడికి అని...

నేనూ నవ్వేను బావా. ఆళ్ళతో కలిసి నేనూ అన్నాను ఆ మాట. నీ పడవలో కూకునే అన్నాను.

దానికోసవేనా? ఆ దూలం కోసవే తెరసాప దించేసేవా? ... ఒకసారి. 

మరి ఇరవై ఆరేళ్ళు ఆపద నేని పడవ, ఆపద నేని పడవ అని నేను ఊరంతా సెప్పుకు తిరిగేను. పడవ గట్టిది కాదు. నువ్వు దాన్ని ఎక్కడికీ తీసుకెళ్ళలేదు, అంతే. ఆ గోవింద్‌గాడు నీ జాగర్త సూసి పడవ గట్టిదనుకున్నాడు.

మరి నన్నెందుకు అడగలేదు? ఒక్క మాట. ఒక్క లెంపకాయ కొట్టున్నా నేను బతికిపోయేవోణ్ణి కదా! ఎందుకు... అబ్బ, దీనికి నువ్వెలగ సెప్తావు. అక్క కోసవా? తమ్ముడు తాగి పడవ ఇరగ్గొట్టేడని ఆవిడ తలెత్తుకోలేదనా?

ఒకసారి.

ఏడవకు. ఏడవకు బావా. ఉండు, తువ్వాలు ఏదీ... నీ కళ్ళు తుడవడం నాకు అలవాటైపోయింది ఈ మధ్య. మొన్న పడవ తీసుకెళ్ళినప్పుడు కూడా నేనే కదా...

బావా.

ఆ రోజు. పడవని ఇక్కణ్ణించి లాగతన్నారు. గుమ్మంలోంచి నీకు కనపడతన్నాది. నువ్వు ఉఁ ఉఁ అని గొంతు పగిలేలా అరిసేవు. ఎడం సేత్తో మంచం కోడు మీద కొట్టేవు, కొట్టేవు, ఏళ్ళు సితికి నెత్తురొచ్చేదాకా. గోవింద్ వచ్చి నీ కాళ్ళట్టుకుంటే ఆడి సొక్కా పట్టుకుని ఒదల్లేదు. ఇద్దరం కలిసి నీ ఏళ్ళు ఒక్కొక్కటీ ఇడదీసేం. 

పడవ మీద పేమ అనుకున్నాం అందరం. పాపం బావకి పడవంటే పేనం, అని అందరికీ సెప్పింది నేనే. నీ కళ్ళు తుడిసి, "గోవింద్ బాగా సూసుకుంటాడులే, దిగులెట్టుకోకు" అని బుజం తట్టింది నేనే.

సెప్తన్నావా ఆ రోజు? ఆడికి సెప్తన్నావా, ఎక్కొద్దురా అని?

కళ్ళు ముయ్యకు. తెలిసిందిలే. తెలిసింది.

నోరు పడిపోయినోడివి నువ్వు నెత్తురొచ్చేలా సెప్పేవు. నోరున్నోణ్ణి నేను పసుపు పూసేను. తూ, నా బతుకు!

ఇను... డప్పులు. అప్పుడే మొదలెట్టేసేరు. ఎంతయింది? రెండున్నర. పోటు ఎక్కుతన్నాది. 

సూడు బావా, ఇప్పుడేటి సేస్తానంటే, నలుగుర్ని పిలుస్తాను, మంచంతో పాటు నిన్ను ఎత్తించుకుని రేవులోకి తీసుకెళ్తాను. గోవింద్‌ని నీ ముందు కూకోబెడతాను. ఆడే అడుగుతాడు, నువ్వే కళ్ళు ముయ్యి. అదీ. అంతకంటే ఏటి కావాల? 

నమ్మకపోతే?

నమ్మడు. నాకు తెలుసు ఆడి సంగతి. ముసిలోళ్ళిద్దరూ కూడబలుక్కున్నారంటాడు. మావ రాత్రీ పగలూ కూకుని నూరిపోసేడు, ఈయన పాపం కళ్ళు ముయ్యమంటే మూసేడు అంటాడు. అందరూ మళ్ళీ నవ్వుతారు. నన్ను సూసి నవ్వితే నవ్వనీ, నిన్ను మంచం మీద అక్కడ పెట్టుకుని నవ్వుతారు. తెరసాప ఎత్తేస్తారు. ఉష ఒడ్డున నిలబడి సెయ్యూపుతాది. 

ఒద్దు. నిన్ను తీసుకెళ్ళను. నువ్వు సెప్పాల్సింది ఎప్పుడో సెప్పేసేవు.

ఇంక మాటల పని కాదిది. నేనే ఎళ్తాను. కాయ కొట్టు మావా అని పిలుస్తారు, పసుపు సెయ్యేసినోడే కాయ కొట్టాల కదా. పడవ కాడికి రానిస్తారు నన్ను, ఆ ఒక్క నిమిసం అడ్డు రారు. ఆ నిమిసం సాలు. ఏడెనిమిది దెబ్బలు. ఫైబరు ఎంతసేపు ఆగుతాది? ఇనుం బయటపడితే ఆళ్ళే సూస్తారు. ఒకేల ఇనుం ఇంకా గట్టిగానే ఉన్నాదనుకో, నా ఎర్రితనవే అనుకో, అయినా సరే, కన్నం పడ్డ పడవేసుకుని ఎవుడూ లోతుకెళ్ళలేడు.

కొడతారు నన్ను. కొట్టనీ. గోవింద్ మళ్ళీ నా మొకం సూడడు. ఉష ఆ ఇంటి గుమ్మం ఎక్కనివ్వదు నన్ను, నా కూతురు నాకు తెలుసు, ఎక్కనివ్వదు. ఎక్కనివ్వకపోతే మానీ. ఆ గుమ్మంలో దాని మొగుడు ఉంటాడు కదా.

అక్క ముందు కూడా సెప్పేస్తాను బావా, ఇంక దాచకు నాకోసం. పంతొమ్మిదేళ్ళు దాచేవు, సాలు. అప్పుడు ఎవులూ సూడకుండా ఇరగ్గొట్టేను దాన్ని. ఇయ్యాల ఊరంతా సూస్తుండగా ఇరగ్గొడతాను. 

అక్కా! నీలవేణక్కా! ఆ సేపలు తర్వాత ఎండేద్దువులే, ఇలగ రా. మీ ఇంట్లో గొడ్డలెక్కడ పెట్టేరు?